పాత కుర్చీ లోపలి సాక్ష్యము



హైదరాబాదులో ఖైరతాబాదునుండి పంజాగుట్టకు పోవు దారిప్రక్క ఎర్రగడ్డ యని తెలుగువారు పిలిచిన గుట్ట యొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున నవాబు ఫక్రుల్ ముల్కు దానిపై భవనము గట్టించి ఇరం మంజిల్ అని పేరిడెను. పారసీకమున ఇరం అనగా స్వర్గోద్యానము. మనవారి నోట నది ఎర్రమంజిల్ అయ్యెను. పేరు రెండు భాషలకును చెల్లవలెననుటయే నవాబుగారి యభిమతమని చెప్పుదురు. నూటయేబదికి పైగా గదులు. వానిలో ఫ్రాన్సు రాజగు పదునాఱవ లూయీ మాదిరి మెత్తని ఆసనములు.

తరువాత భవనము ప్రభుత్వపు కార్యాలయమైనది. 2019లో దానిని కూల్చి శాసనసభకు క్రొత్తభవనము గట్టుటకు ప్రభుత్వము నిశ్చయింపగా, ఆ యేడే ఉన్నతన్యాయస్థానము ఆ నిశ్చయమును కొట్టివేసెను. గోడలు నిలిచినవి. కాని పాత కుర్చీకొఱకు న్యాయస్థానమున కేగువారెవరు? మీ యూరి గడిలోనో, పాత బంగళాలోనో చెక్కడపు పని గల మెత్తకుర్చీ యొకటి యుండవచ్చును. దానినిగూర్చియే నేటి ప్రసంగము.

పదునాఱవ లూయీ 1774 మొదలు 1792 వఱకు రాజు. ఆ మాదిరి కుర్చీకాళ్ళు తిన్ననివి, క్రిందికి సన్నగిల్లునవి, నిలువుగాడులు గలవి. అంతకు ముందరి పదునైదవ లూయీ మాదిరిలో కాళ్ళు వంపు తిరిగియుండును. అయితే మాదిరి వేఱు, వయస్సు వేఱు. నూఱేండ్ల పిమ్మటను అదే మాదిరి చేసినవారు కలరు. కావున పైచెక్కడమును జూచి మురిసిపోక కుర్చీని తలక్రిందులు చేయుడు.

చేతిరంపపు గీతలు నేరుగా నుండును. యంత్రపు చక్రరంపపు గీతలు విల్లువలె వంగియుండును. మన పల్లెలలో చేతిరంపము నిన్నమొన్నటివఱకు నడిచినది గనుక ఈ గుర్తొక్కటి చాలదు. నవారు పట్టీలపై గుఱ్ఱపు వెండ్రుకలు మాత్రమే యున్నచో పాతపద్ధతి. ఆసనములకు ఉక్కుస్ప్రింగులు అమర్చు పద్ధతికి ఇంగ్లాండులో 1828లో పేటెంటు పుట్టినది. అటుపిమ్మటనే యవి వ్యాపించినవి. పాతదానిలో స్ప్రింగులు తరువాత చొప్పించినవారును లేకపోలేదు. అందుచేత చీలల రంధ్రములు లెక్కింపుడు. బట్ట మార్చినప్పుడెల్ల క్రొత్త రంధ్రముల వరుస పడును. ఒక్కొక్క చీలక్రింద మొదటి బట్ట పోగు చిక్కియుండును. అదియే అసలు సాక్ష్యము.

ఈ మాట నాకు నష్టమువలన తెలిసినది. మా తాతగారి కుర్చీని అమీరుపేటలో ఒక యంగడివారికి బాగుచేయ నిచ్చితిని. ఇచ్చునప్పుడు ఒక చీలక్రింద ఆకుపచ్చని పట్టుపోగులు కనబడినవి. వారు వెండ్రుకలు పాఱవేసి స్పాంజి పెట్టి, యంత్రముతో చెక్కడమును అరుగదీసి, మిలమిలలాడు వార్నిషు పూసిరి. నేను మెచ్చుకొని డబ్బిచ్చితిని! ఆకుల ఈనెలు మాసిపోయినవని ఇంటికి వచ్చినతరువాత గాని చూడలేదు. ఆ పట్టు ఏనాటిదో ఇక నెవరును చెప్పలేరు.

బాగుచేయువాడు విప్పుటకు ముందే ఛాయాచిత్రము తీయవలెను. పాత వెండ్రుకలను ఉతికి, ఎండబెట్టి, విడదీసి మరల నింపవచ్చును. కదలిన కీళ్ళకు ఇనుపమేకు కొట్టరాదు, కొయ్య చీలును. పూర్వులు వాడిన జంతుచర్మపు జిగురు వేడినీటి తడికి మెత్తబడును గనుక విప్పి మరల నతికింపవచ్చును. బంగారుపూత యున్నచోట మాత్రము నీరు తగులనీయరాదు. క్రింది సుద్ద కరగి రేకు లేచిపోవును. విఱిగిన ఆకునకు అదేజాతి కొయ్యతో ఆకు చెక్కి యతికింపవలెను. దానికై తక్కిన ఆకులను గీకరాదు. ఫలక్‌నుమా సౌధమును 2010లో హోటలుగా తెఱచుటకు ముందు అందలి సామగ్రిని బాగుచేయ నేండ్లు పట్టినది. మన కుర్చీకి ఒక నెల పట్టిన తప్పేమి?

తీసిన పాతబట్టలో జేనెడు ముక్కను, నాలుగు చీలలను, తేదీ వ్రాసిన చీటితో గూడ చిన్నసంచిలో గట్టి ఆసనము క్రిందనే వ్రేలాడదీయుడు.