మైకు అనుమతి: ఉత్తరాంధ్రలో శబ్ద నియమాలు, నిరసన హక్కు

శబ్ద కాలుష్య నియమాలు (2000) రెండు వేర్వేరు పనులు చేస్తాయి. మొదటిది కొలత. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. అంతకు 10 డెసిబెల్స్ మించితే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. రెండోది అనుమతి. లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే ముందే రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. కొలతకు యంత్రం ఉంది. అనుమతికి అధికారి ఇష్టమే కొలబద్ద. మైకు నోరు విప్పకముందే దాన్ని మూయించే వీలు ఈ రెండో దానిలోనే ఉంది.

దీనికి పాత తోడు 1861 పోలీసు చట్టంలోని సెక్షన్ 30. ఊరేగింపులకు లైసెన్సు అడగడంతో పాటు పండుగల్లో వీధి వాద్యాలకు హద్దు పెట్టే అధికారం కూడా అందులోనే ఉంది. కందుకూరు, గుంటూరు సభల్లో జరిగిన తొక్కిసలాటల తర్వాత రాష్ట్ర ప్రభుత్వం 2023 జనవరి 2న ఈ సెక్షన్ కిందే జీవో నంబర్ 1 తెచ్చి, రోడ్ల మీద సభలను దాదాపు ఆపేసింది. జనవరి 12న హైకోర్టు ఆ జీవోను తాత్కాలికంగా నిలిపివేసింది. అదే రోజు శ్రీకాకుళం జిల్లా రణస్థలంలో జనసేన యువశక్తి సభ జరిగింది. మే 12న జీవోను పూర్తిగా కొట్టేశారు. పోలీసులు సభలను క్రమబద్ధం చేయవచ్చు గానీ ఇష్టారాజ్యంగా నిషేధించే అధికారం వారికి ఉండరాదని సుప్రీంకోర్టు 1972లోనే హిమ్మత్‌లాల్ షా కేసులో చెప్పింది.

అయితే పెద్ద పార్టీకి మైదానముంది, లాయర్లున్నారు. భూమి పోతున్న పల్లె వాళ్లకో, జీతం అందని కార్మికులకో ఒక్క సాయంత్రం మైకు కోసం హైకోర్టు మెట్లెక్కడం అయ్యే పనేనా? ధర్నాకు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటాక వచ్చే తీర్పు వాళ్లకు అక్కరకు రాదు.

వినడం ఇష్టంలేని వాళ్ల చెవుల్లో మోత మోగించే హక్కు ఎవరికీ లేదని సుప్రీంకోర్టు 2005లో చెప్పిన మాట న్యాయమైనదే. రోగికి, చదువుకునే పిల్లలకు ఆ రక్షణ కావాలి. కానీ సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజుల వరకు రాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే వీలున్న నియమాల్లో నిరసన సభకు అలాంటి చోటు లేదు. చెవికి తగిలే మోత రెండింటిదీ ఒకటే.

రాత్రి 10 దాటాక బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదన్న నిషేధాన్ని 2010 సవరణ వాద్యాలకూ విస్తరించింది. ఉత్తరాంధ్రకు ఇది చిన్న విషయం కాదు. ఇక్కడి జానపద వాద్యం జముకు అంటే ఒకవైపు తోలు బిగించిన గుల్ల. తోలు నడుమ నుంచి వచ్చే తీగను లాగి పట్టి మీటితే స్వరం లేస్తుంది, వదిలితే జారుతుంది. 1960లలో సుబ్బారావు పాణిగ్రాహి ఆ వాద్యంతో చెప్పే జముకుల కథనే శ్రీకాకుళం రైతాంగ పోరాటానికి గొంతు చేశాడు. నేడు ఊరి రచ్చబండ దగ్గర రాత్రి 10 దాటాక ఎవరైనా జముకు మీటితే, మైకు లేకపోయినా నిబంధన వర్తిస్తుంది.

కాబట్టి మార్చవలసింది కొలతను కాదు, అనుమతి పద్ధతిని. అనుమతి నిరాకరించే అధికారి ఏ ఆసుపత్రికి, ఏ బడికి ఎన్ని డెసిబెల్స్ ఇబ్బంది కలుగుతుందో కారణంగా రాసివ్వాలి. ఆ కాగితం కోర్టుకు వెళ్లే వ్యవధి మిగిలేలా సభకు చాలా ముందే దరఖాస్తుదారు చేతికి అందాలి.