మద్యపానం – చరిత్ర చెప్పే పాఠం

ఎవరైనా తాగి పాడైపోతే "వాడి బుద్ధి అంతే" అని తీర్పు చెప్పి ఊరుకోవడం మనకు అలవాటు. కానీ ఎవరు తాగుతున్నారు, వారికి ఎవరు అందిస్తున్నారు, ఆ డబ్బు ఎక్కడికి పోతోంది అని విచారిస్తే, బుద్ధి ఒక్కటే కారణం కాదని మన చరిత్రే చెబుతుంది.

1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టంతో సారా, కల్లు ప్రభుత్వానికి రాబడి వనరులుగా స్థిరపడ్డాయి. నిజాం ఏలుబడిలోనూ ఆబ్కారీ ముఖ్యమైన ఆదాయమే. రాజాజీ 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రవేశపెట్టి, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేశారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక, 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఈ మద్యనిషేధం సమస్య మీదనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

తరువాత కథ మారింది. 1970-71లో రాష్ట్ర ఆబ్కారీ రాబడి సుమారు 39 కోట్లు. 1991-92 నాటికి అది 812 కోట్లు దాటింది. 1980లలో వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లలో వచ్చి పల్లెపల్లెకూ చేరింది. ఏటా జరిగే సారా పాటల్లో దుకాణం దక్కించుకున్న కాంట్రాక్టరు, కట్టిన సొమ్ము రాబట్టుకోవాలంటే అమ్మకం పెంచక తప్పదు. కొనేవారు ఎక్కువగా కూలీలు, రిక్షా కార్మికులు. పొద్దంతా ఒళ్ళు హూనమయ్యే పని, సాయంత్రం చేతిలో కూలి డబ్బు, దారిలోనే దుకాణం, లేకపోతే అరువు. ఇంట్లో బియ్యం నిండుకున్న బాధ మాత్రం ఆడవారిది.

ఆ బాధే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఉద్యమమైంది. అక్షరదీపం రాత్రి బడులలో మహిళలు చదువుకున్న "సీతమ్మ కథ" వారిని ఆలోచింపజేసింది. వర్ధినేని రోశమ్మ తదితరులు ఊళ్ళో సారా దుకాణం మూయించారు. 1992లో జిల్లాలో సారా పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలై, 1997లో సడలింది. రాబడి లేక ఖజానా, దొంగసారా వల్ల యంత్రాంగం, రెండూ తట్టుకోలేకపోయాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్ళు దాటిన మగవారిలో మద్యం తాగేవారు తెలంగాణలో నూటికి 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది. దేశం మొత్తం మీద 19 మంది. ఆడవారిలో తెలంగాణలో నూటికి ఏడుగురికి దగ్గర, ఆంధ్రలో ఒక్కరు కూడా లేరు. కల్లు పండుగలో, పబ్బంలో భాగమైన చోట లెక్క వేరుగా ఉండడం సహజమే. దేశంలో పట్టణాల కన్నా పల్లెల్లోనే తాగే మగవారు ఎక్కువ. చదువు పెరిగిన కొద్దీ ఈ అలవాటు తగ్గుతోంది. తాగేవారందరూ అతిగా తాగేవారు కారు, నిజమే. కానీ అతి మొదలయ్యేది అక్కడినుంచే.

ఇది కూలివాడల సంగతే అని పెన్షనర్ మిత్రులు అనుకోరాదు. పదవీ విరమణతో వచ్చే ఖాళీ, జీవిత భాగస్వామిని కోల్పోయిన ఒంటరితనం, పిల్లలు దూరమైన ఇల్లు కూడా మనిషిని సీసా దగ్గరకు చేరుస్తాయి. అటువంటి మిత్రుడు కనిపిస్తే ఎగతాళి చేయక, పలకరించి, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. ఏళ్ళ తరబడి బాగా తాగినవారు ఒక్కసారిగా మానితే ప్రాణాపాయం కూడా ఉంటుంది. అందుకే వైద్యుని సలహాతోనే మాన్పించాలి. దూబగుంటలో దుకాణం మూతపడింది ఒక్కరి వల్ల కాదు, నలుగురూ కలవడం వల్ల. మన వీధిలోనైనా అంతే.