మకుటం వేసే బిగింపు

శతకంలో మకుటం పద్యపూరణకు దొరికిన ఊతమనీ, నాలుగో పాదంలో సగానికి పైగా కవి చేతికి ముందే వచ్చేస్తుందనీ ఒక ఆక్షేపణ. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడి వృషాధిప శతకంలో లెక్క వరకు అది నిజమే. బసవ నామాన్ని మూడుసార్లు పలికి వృషాధిపుణ్ణి పిలిచే ఆ మకుటానికి 13 అక్షరాలు. ఉత్పలమాల పాదానికి 20, చంపకమాలకు 21. కవికి మిగిలేవి ఏడో ఎనిమిదో. కానీ ఆ కాసిన్ని అక్షరాలూ అతనివి కావు. ఉత్పలమాలలో యతిస్థానం పదోది, మకుటం మొదలయ్యేది ఎనిమిదో అక్షరంతో. కాబట్టి యతి మొదటి బసవ నామంలోని ‘వా’ మీద పడుతుంది. చంపకమాలలో యతి పదకొండు, మకుటం తొమ్మిది. అక్కడా అదే ‘వా’. దానితో మైత్రి కుదరాలంటే పాదం సాధారణంగా ప, ఫ, బ, భ, వలలో ఒకదానితో, అదీ అ, ఆ, ఐ, ఔ స్వరాలతోనే మొదలు కావాలి. రెండో అక్షరం ఎలాగూ ప్రాసకు తాకట్టు. ఈ ఇరుకులోనే వాక్యం ముగిసి పిలుపులోకి ఒదగాలి, పద్యపద్యానికీ.

భక్తుడు అక్షరాలు లెక్కపెట్టుకుంటాడా అని అడగొచ్చు. ఈ భక్తుడు లెక్కపెట్టుకున్నాడు. బసవపురాణాన్ని ద్విపదలో రాసి, ఆ ఎంపికను సమర్థించుకున్నవాడు ఛందస్సు ఏం చేయగలదో ఎరగనివాడు కాదు. అంతకు ముందు మల్లికార్జున పండితారాధ్యుడి శివతత్త్వసారం కందాల్లో, ఒకే మకుటానికి కట్టుబడకుండా నడిచింది. కనుక ఈ బిగింపు కోరి తెచ్చుకున్నదే. పైగా సోమనాథుడు శతకంలో తమిళ, కన్నడ, మరాఠీ భాషల పద్యాలు కూడా చేర్చాడు. భాష మారినా మకుటం మారదు. పద్యం అర్థం కానివారూ పేరు దగ్గర గొంతు కలపగలరన్నది అతని లెక్క కావచ్చని నా ఊహ.

పదిహేడో శతాబ్దంలో కంచెర్ల గోపన్న దాశరథీ శతకంలో ఇవే వృత్తాలు తీసుకుని మకుటాన్ని 11 అక్షరాలకు కుదించాడు. అది సరిగ్గా యతిస్థానంలో మొదలవుతుంది. త, థ, ద, ధలతో ఎత్తుకునే పాదం ‘దాశరథి’ అన్న రాముడి పేరులోని తొలి ధ్వనిని ముందే చెవిన వేస్తుంది. చెవికి ఇది సోమనాథుడి కూర్పు కన్నా తీరైనది. ఊతమన్న ఆక్షేపణకు కొంత చోటు ఉందంటే అది సుమతీ శతకం వంటి కందాల్లోనే: అక్కడ మూడక్షరాల మకుటం యతి దాటాక వస్తుంది, పాదం ఎత్తుగడ మీద దాని అదుపేమీ ఉండదు.