రేగడి నేలలో పడవల దారి

కర్నూలు ఊళ్లో హంద్రీ మీదుగా ఒక కాలువ సాగిపోతుంది. కింద ఏరు, పైన కమానుల మీద కాలువ నీళ్లు. అందరూ కేసీ కెనాల్ అని పిలిచే ఈ కర్నూలు–కడప కాలువను పైర్ల కోసమే తవ్వారనుకుంటాం. తలపెట్టినవాళ్ల లెక్కల్లో మాత్రం ఇది పడవల దారి కూడా.

డచ్చివాళ్లు తవ్వారన్న మాట సీమలో ఇప్పటికీ వినిపిస్తుంది. నిజానికి తవ్వించింది ఇంగ్లీషు పెట్టుబడితో 1850ల చివర్లో పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ. దాని వెనక ఉన్న ఆలోచన ఇంగ్లీషు ఇంజనీరు ఆర్థర్ కాటన్‌ది. తుంగభద్రను పెన్నాతో కలిపి, నెల్లూరు మీదుగా సముద్రం దాకా పడవలు నడపాలన్నది పథకం. మూలధనం 10 లక్షల పౌండ్లు, దాని మీద 5 శాతం వడ్డీకి సర్కారు పూచీ. అంటే లాభం వస్తే వాటాదారులది, రాకపోతే భారం ఖజానాది. సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, మిట్టకందాల దగ్గర కృష్ణా పరీవాహకం దాటించి నీటిని పెన్నా వైపు మళ్లించారు. 1863లో మొదలై 1870 నాటికి కడప దాకా 190 మైళ్ల కాలువ వచ్చింది. డబ్బు అక్కడికే అయిపోయింది. సముద్రం కాగితం మీదే ఉండిపోయింది.

ఆనాటి కాలువ పడవకు బొగ్గుతో పనిలేదు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకుంటే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. పొగ లేదు నిజమే, కానీ ఆ భారమంతా మనిషి భుజం మీదే.

సరిగ్గా అప్పుడే రైలు వచ్చిపడింది. 1871కల్లా మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరుకు పట్టాలు కలిశాయి. రైళ్ల కంటే కాలువలే చవక అని కాటన్ 1878లోనూ పార్లమెంటు కమిటీ ముందు వాదించాడు. అప్పటికే బొగ్గు గెలిచింది.

కంపెనీకి రెండో దెబ్బ రైతు నుంచి తగిలింది. నల్లరేగడిలో వానకు జొన్న, పత్తి పండించే కాపుకు డబ్బు పెట్టి నీళ్లు కొనే అవసరం కనబడలేదు. ఆ సంగతి ముందే అతణ్ణి అడిగి ఉంటే తెలిసేది. 1876–78 ధాత కరువు వచ్చాక గానీ కాలువ నీటికి గిరాకీ పెరగలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. కాలక్రమంలో పడవలు మాయమై, సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు మిగిలింది.

ఇప్పుడు అదే నేల మళ్లీ ఓడల లెక్కల్లోకి ఎక్కుతోంది, ఈసారి ఎండ పుణ్యమా అని. 2017లో ఓర్వకల్లు ప్రాంతంలోని గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సౌర పార్కు తయారైంది. పాణ్యం దగ్గర పిన్నాపురం గుట్టల్లో గ్రీన్‌కో సంస్థ 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టింది. కరెంటు మిగిలినప్పుడు నీటిని పై జలాశయానికి తోడి, కావలసినప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. రాత్రయితే ఆగిపోయే సౌర విద్యుత్తుకు ఇది నిల్వ పాతర.

గ్రీన్‌కో వ్యవస్థాపకుల ఏఎం గ్రీన్ సంస్థ కాకినాడలో ఏడాదికి 10 లక్షల టన్నుల హరిత అమోనియా తయారీకి పూనుకుంది. నీటిని ఇలాంటి కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసి, నత్రజనితో కలుపుతారు. ఓడలకు ఇంధనంగా నేరుగా హైడ్రోజన్‌నే వాడవచ్చు కదా అంటే, దాన్ని ద్రవంగా ఉంచాలంటే మైనస్ 253 డిగ్రీల చలి కావాలి. అమోనియాకు మైనస్ 33 చాలు. నార్వేలో ‘హైడ్రా’ అనే ఫెర్రీ 2023 నుంచి ద్రవ హైడ్రోజన్‌తో నడుస్తోంది గానీ, అది దగ్గరి రేవుల మధ్య తిరిగే పడవ. మహాసముద్రాలు దాటే ఓడలకు అమోనియానే మేలని చాలామంది చూస్తున్నారు. 2024 మార్చిలో సింగపూర్ రేవులో ‘ఫోర్టెస్క్యూ గ్రీన్ పయనీర్’ ఓడ దాన్ని ఇంధనంగా వాడి చూపింది, అదీ డీజిల్ తోడుతోనే. పైగా అమోనియా విషవాయువు; లీకైతే ముందు ముప్పు ఇంజను గదిలో పనిచేసేవాళ్లకే.