ఏ గొట్టమూ వదలని విషం

పసుపు నది ఒడ్డున, రెండు కొండల వరుసల మధ్య ఇరుకు లోయలో ఉంటుంది చైనాలోని లాంజో. 1950ల్లో సోవియట్ సాయంతో ఆ ఊరి పడమటి కొసన, షీగూలో, చమురు శుద్ధి కర్మాగారం, రసాయన ఫ్యాక్టరీలు, థర్మల్ విద్యుత్ కేంద్రం వెలిశాయి. చలికాలం బొగ్గుపొగ జనానికి అలవాటైపోయింది.

1974 వేసవిలో మాత్రం వింత జరిగింది. ఎండ బాగా కాసే రోజునే మసక కమ్మేది. కళ్లు మండి నీళ్లు కారేవి. పొద్దువాలితే తగ్గిపోయేది. బొగ్గుపొగకు ఎండతో పనేమిటి?

పెకింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన తాంగ్ షియావోయాన్ బృందం ఈ చిక్కుముడి పట్టుకుంది. ఇలాంటి కథ అంతకుముందు అమెరికాలో ఒకటి నడిచింది. 1943లో లాస్ ఏంజెలిస్ వాళ్ల కళ్లూ ఇలాగే మండాయి. రబ్బరు ముడిసరుకు చేసే ఫ్యాక్టరీ మీద నెపం వేసి మూయించారు. అయినా పొగ పోలేదు. చివరికి గుట్టు విప్పినవాడు అనాసపండు వాసన మీద పరిశోధన చేస్తున్న హాగెన్ స్మిట్! పండు వాసనను చల్లబరిచి పట్టే పరికరంతోనే ఊరి గాలినీ పట్టాడు. ఘాటు వాసన కొట్టే కొన్ని చుక్కలు దొరికాయి. కార్ల పొగను ఎండ ఓజోన్‌గా మారుస్తోందని ఆ దారిలోనే తేల్చాడు. వంచి కట్టిన రబ్బరు ముక్క ఎంతసేపటికి పగుళ్లిస్తుందో చూసి ఓజోన్‌ను లెక్కగట్టేవారట.

సరే, లాంజోలో అన్ని కార్లేవి? జనమంతా సైకిళ్ల మీదే తిరిగే కాలమది. జవాబు షీగూలోనే దొరికింది. చమురు, రసాయన ఫ్యాక్టరీల నుంచి లీకయ్యే హైడ్రోకార్బన్లు, విద్యుత్ కేంద్రం వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు కదలని లోయగాలిలో కలుస్తున్నాయి. పదిహేను వందల మీటర్ల ఎత్తులో కాసే చురుకైన ఎండ మిగతా పని చేస్తోంది. ఓజోన్‌ను నేరుగా వదిలే గొట్టం ఒక్కటీ లేదు. ఏ ఇంట్లోనూ కాపురముండని దొంగను పట్టడమంటే ఇదే. ఆ తర్వాత 1980ల్లో తాంగ్ బృందం ఆ పొగను ప్రయోగశాలలోనే పుట్టించి చూసేందుకు ఒక గదిని కట్టింది.

ఊరి పెద్దలు మాత్రం 1990ల చివర్లో మరో దారి తొక్కారు. గాలికి తోవ ఇద్దామని తూర్పున దాచింగ్ కొండను తవ్వించబోయి, మధ్యలోనే వదిలేశారు! కొండ పోయినా హైడ్రోకార్బన్లు పోతాయా? 2013 తర్వాత చైనా నగరాల్లో దుమ్ముపొగ బాగా తగ్గింది. ఓజోన్ అంత తేలిగ్గా లొంగలేదు. వేసవి మధ్యాహ్నాల్లో ఆ నగరాలు ఇప్పటికీ దాంతోనే పోరాడుతున్నాయి.