దండు బండికి ఊరి నంబరు



బాపట్ల నుండి సూర్యలంకకు బోవు బాటలో దండు బండ్లను జూడనివారు మనలో నరుదు. ఆ తీరమున భారత వాయుసేన వారి స్థావరము గలదు. క్షిపణులను సముద్రముపైకి విడిచి పరీక్షించు తావది. సేనల బండ్ల నంబరు పలకపై రాష్ట్రపు గుర్తు గాని జిల్లా గుర్తు గాని యుండదు. మీదికి జూపు బాణము, సంవత్సరమును దెలుపు రెండంకెలు, పిదప నక్షరములును సంఖ్యయు నుండును. ఆ బాణము ఆంగ్లేయుల కాలమున సర్కారు సొత్తునకు వేసిన గుర్తు. అట్టి బండి కొలువు ముగించి, వేలములో నొక రైతు చేతికి వచ్చినచో దానికి ఊరి నంబరు వచ్చుటెట్లు? ఈ చిన్న ప్రశ్నకు వెనుక పెద్ద చరిత్రయే కలదు.

మన దేశమునకంతకును వర్తించిన మోటారు బండ్ల చట్టము 1914లో పుట్టెను. చెన్నపురి రాజధానిలో బండ్లపై పన్ను చట్టము 1931లో వచ్చెను. 1939లో మోటారు చట్టమును తిరుగ వ్రాసిరి. నేడు నడచుచున్నది 1988 నాటి చట్టము. అది 1989 జూలై 1 నుండి అమలునకు వచ్చినది.

ఈ నడుమ రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను జపానువారి బాంబులు పడెను. యుద్ధమునకై దేశమునకు జీపులును లారీలును కుప్పలు తెప్పలుగా దిగెను. 1945లో యుద్ధము ముగిసెను. 1946లో కుదిరిన యొడంబడికచే నిచట మిగిలిన అమెరికా యుద్ధసామగ్రి భారత ప్రభుత్వమునకు సంక్రమించెను. మిగులు సరుకును సర్కారు విక్రయించెను. ఎడమప్రక్క చక్రము గల జీపులు మన బాటల మీద తిరుగుటకు మూలమిదియే.

ఇక చట్టములోని సూక్ష్మమును వినుడు. దేశరక్షణకై వాడు కేంద్ర ప్రభుత్వ వాహనములను సేనాధికారులే నమోదు చేసికొందురు; రాష్ట్రపు రిజిస్ట్రేషను వానికక్కరలేదు. కాని ప్రభుత్వ స్వామ్యము తొలగిన క్షణముననే ఆ మినహాయింపును తొలగునని 1988 చట్టపు 60వ సెక్షను చెప్పుచున్నది. దత్తు పోయిన బాలునికి పుట్టింటి గోత్రము పోయి దత్తింటి గోత్రము వచ్చినట్లు, బండికి బాణపు గుర్తు పోయి రాష్ట్రపు గుర్తు రావలయును. దత్తహోమము జరిగినదనుటకు సాక్ష్యము వేలపు కాగితములే.

నా బాల్యమున మా మేనమామ ఎకరము పొలము తాకట్టు పెట్టి, పొరుగు రాష్ట్రమున దండు వేలములో బోయిన జీపు నొకదానిని మూడవ చేతివానిగా కొనెను. బండి దివ్యముగా నుండెను. వేలపు ఉత్తరువు మొదటివాని పేర నుండెను; రెండవవాడు మామకు వ్రాసిన రసీదును గలదు. మొదటివాడు రెండవవానికి అమ్మినట్లు మాత్రము కాగితము లేదు. "అయ్యా, బండి నిజమే, ఇది మీది యని చెప్పు నడిమి కాగితమేది?" యని అధికారి యడిగెను. మామ రెండుమారులు రైలెక్కి వెదుకగా మొదటివాడు గతించెనని తెలిసెను. ఆ జీపు గడ్డివామి ప్రక్క పందిరి క్రింద తుప్పు పట్టెను. దానిలో కోళ్లు పొదిగెను. తాకట్టు విడిపించుటకు మామకు తొమ్మిదేండ్లు పట్టెను. లింకు దస్తావేజు లేని పొలమును కొనని మనిషి, బండి విషయమున నా మాట మరచెను.

రాష్ట్రములు మారుటచే చిక్కు హెచ్చినది. 1946లో చెన్నపట్టణమున కొన్న లారీని బాపట్లకు దెచ్చుట ఒకే రాజధానిలోని పయనము. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడగా నదియే రెండు రాష్ట్రముల వ్యవహారమాయెను. అట్లే 2014 జూన్ 2 తరువాత హైదరాబాదు బండి సూర్యలంకకు పరరాష్ట్రపు బండి. బాట కదలలేదు, ఎల్ల కదలినది.

నేటి విధి యిది. ప్రభుత్వ వేలమున కొన్నవాడు బండి స్వాధీనమైన 30 దినములలో, అమ్మకమును ధ్రువపరచు ఉత్తరువును, వేలమునకు అనుమతినిచ్చిన ఉత్తరువు నకలును జతచేసి దరఖాస్తు పెట్టవలెను. ఒక రాష్ట్రమున నమోదైన బండిని మరియొక రాష్ట్రమున 12 నెలలకు మించి యుంచినచో క్రొత్త నంబరు పొందవలెను. దానికి మొదటి రాష్ట్రము వారి నిరభ్యంతర పత్రము కావలెను; పన్ను బాకీ లేదనియు, దొంగిలింపబడిన బండి కాదనియు తేలిననే దాని నిత్తురు. దరఖాస్తుకు 30 దినములలో తిరస్కారము తెలుపనిచో నిచ్చినట్లే భావింపవలెనని చట్టము.

మరియొక హెచ్చరిక. 2023 ఏప్రిల్ 1 నుండి 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనముల నమోదు చెల్లదు. వానిని తుక్కుగా విడగొట్టవలెను. రక్షణ కార్యములకు వాడు కవచపు బండ్లవంటి ప్రత్యేక వాహనములకు మినహాయింపు కలదు. కావున వేలపు ప్రకటనలో బండి నడుపుటకా, తుక్కునకా యని ముందు చదువుడు. చాసీ మీది సంఖ్యను, ఇంజను సంఖ్యను కాగితముతో స్వయముగా సరిచూచుకొనుడు. నడిమి చేతులెన్నియో లెక్కించి, ప్రతి చేతికి నొక కాగితము కలదేమో యడుగుడు. పిదపనే రొక్కము ముడి విప్పుడు.

యుద్ధమున గెలిచిన బండి యైనను కాగితము లేక పందిరి దాటజాలదు. మా మామ జీపును దలచుకొని ఈ నాలుగు మాటలు మనవి చేసితిని.