ఆలోర్–పంతార్ భాషలు

ఇండోనేషియాలోని తూర్పు నుసా తెంగ్గారా ప్రాంతంలో, తైమూర్ ద్వీపానికి ఉత్తరాన ఉన్న ఆలోర్, పంతార్ ద్వీపాలలోనూ, వాటి మధ్య జలసంధిలో ఉన్న చిన్న దీవులలోనూ మాట్లాడే పపువన్ భాషల సముదాయాన్ని ఆలోర్–పంతార్ భాషలు అంటారు. సుమారు 2 లక్షల జనాభా ఉన్న ఈ ద్వీపాలలో, భాషకూ మాండలికానికీ మధ్య గీత ఎక్కడ గీస్తారన్న దానిని బట్టి, ఇరవై నుంచి ఇరవై అయిదు వరకు పపువన్ భాషలను లెక్కిస్తారు. చిన్నదైన పుర ద్వీపంలోనే బ్లగర్, రెతా అనే రెండు భాషలున్నాయి.

పపువన్ అనే మాట

పపువన్ అనేది ఒక భాషా కుటుంబం పేరు కాదు. న్యూగినీలోనూ దాని పరిసర ద్వీపాలలోనూ ఆస్ట్రోనేషియన్ కుటుంబానికి చెందని భాషలన్నిటినీ కలిపి చెప్పడానికి వాడే మాట ఇది. మలయ్, జావనీస్ వంటి భాషలున్న ఆస్ట్రోనేషియన్ కుటుంబంలో ఇవి ఇమడవని 19వ శతాబ్దం చివర బ్రిటిష్ పండితుడు సిడ్నీ రే గుర్తించాడు. ఈ మాట పరిధిలోకి వచ్చే సుమారు 800 భాషలు, ఒకదానితో ఒకదానికి చుట్టరికం రుజువు కాని డజన్ల కొద్దీ కుటుంబాలుగా చీలి ఉన్నాయి. న్యూగినీకి పడమరగా సుమారు 1,000 కిలోమీటర్ల దూరంలో, ఆస్ట్రోనేషియన్ భాషల నడుమ నిలిచిన ఆలోర్–పంతార్ భాషలకు మాత్రం పరస్పర బంధుత్వం స్థిరపడింది. తైమూర్‌లోని బునాక్, మకసాయి, ఫతలుకు భాషలూ, కిసర్ ద్వీపంలోని ఒయిరత భాషా వీటికి దూరపు చుట్టాలు. వీటన్నిటినీ కలిపి తైమూర్–ఆలోర్–పంతార్ కుటుంబం అంటారు. న్యూగినీలోని పెద్ద కుటుంబాలతో దీనిని ముడిపెట్టే ప్రయత్నాలు జరిగినా, అందుకు తగినంత ఆధారం దొరకలేదని 2014లో వెలువడిన తులనాత్మక పరిశీలన తేల్చింది.

బంధుత్వానికి ఆధారాలు

పక్కపక్క ఊళ్ల భాషలే ఒకరివి ఒకరికి అర్థం కాని చోట బంధుత్వం పైకి కనిపించదు. అది నిత్యం వాడే చిన్న మాటలలో, వాటి ధ్వనుల క్రమమైన మార్పులో బయటపడుతుంది. పంతార్‌లోని తేయివా భాషలో నతన్ అంటే నా చేయి, గతన్ అంటే అతని చేయి. ఆలోర్ కొండలలోని అబుయి భాషలో అవే నతాంగ్, హతాంగ్ అవుతాయి. తెలుగు పాలు కన్నడంలో హాలు అయినట్లుగా, మూలభాషలోని గకారం తేయివాలో నిలిచి అబుయిలో హకారమైంది.

ఈ మాటలలోనే వ్యాకరణ విశేషం కూడా ఉంది. శరీరావయవాలను, చుట్టరికాలను చెప్పే పదాలు ఈ భాషలలో ఒంటరిగా నిలవవు. ఎవరి చేయి, ఎవరి తండ్రి అన్నది పదం ముందు చేరే సర్వనామ రూపం చెప్పి తీరాలి. ఇటువంటి సర్వనామ రూపాలే క్రియకు ముందు చేరి కర్మను సూచిస్తాయి. అబుయి వంటి కొన్ని భాషలలో, తెలుగులో నాకు చలి వేస్తోంది అన్నప్పుడు అనుభవించే వ్యక్తి కర్తగా కాక మరో విభక్తిలో కనిపించినట్లే, తన ప్రమేయం లేకుండా ఒక స్థితికి లోనైన వ్యక్తిని కూడా ఈ రూపాలు సూచిస్తాయి. క్రియ వాక్యాంతంలో రావడం, మేము, మనము అనే భేదాన్ని పాటించడం తెలుగు పాఠకుడికి పరిచితంగా తోచే లక్షణాలే అయినా, ఇవి స్వతంత్రంగా ఏర్పడినవే తప్ప ద్రావిడ భాషలతో బంధుత్వానికి గుర్తులు కావు.

సంఖ్యలు, దిక్కులు

అబుయి సంఖ్యావాచకాలలో ఒకటి నుంచి అయిదు వరకు నుకు, అయోకు, సువ, బుతి, యెతింగ్ అని వరసగా సాగి, ఆరుకు తలామ అనే విడి పదం వచ్చాక, ఏడు యెతింగయోకు, అంటే అయిదూ రెండూ అవుతుంది. ఎనిమిది, తొమ్మిది కూడా అయిదుకు మూడు, నాలుగు చేర్చినవే. పది కర్నుకు, అంటే ఒక పది. ఏడు మొదలు తొమ్మిది వరకు అయిదు ఆధారంగానూ, ఆ పైన పది ఆధారంగానూ సాగే ఈ మిశ్రమ పద్ధతి మూలభాషలోనే ఉండేదని భావిస్తున్నారు.

కొండలతో నిండిన నేలకు తగినట్లు, ఒక వస్తువు గాని మనిషి గాని మాట్లాడేవారికి ఎగువన ఉన్నదా, దిగువన ఉన్నదా, సమానమైన ఎత్తులో ఉన్నదా అన్న భేదాన్ని ఈ భాషలు స్థలవాచకాలలోనూ, రావడం, పోవడం వంటి క్రియలలోనూ పాటిస్తాయి.

ఇతర భాషలతో సంబంధం

ఇంతటి వైవిధ్యం కేవలం ఏకాంతవాసం వల్ల వచ్చిందని చెప్పడానికి లేదు. పంది, వక్క వంటి వాటికి ఆస్ట్రోనేషియన్ నుంచి తీసుకున్న ఆదానపదాలు శాఖలన్నిటా క్రమమైన ధ్వని మార్పులతో కనిపిస్తున్నాయి. అంటే అవి మూలభాష విడిపోకముందే చేరాయన్నమాట. దీనిని బట్టి మూలభాషకు సుమారు 3,000 ఏళ్ల వయసు ఉండవచ్చని అంచనా. ఆ తరవాత కూడా రాకపోకలు ఆగలేదు. మోకో అనే కంచు డోళ్లను కన్యాశుల్కంగా ఇచ్చే వివాహ సంబంధాలు, కొండవాసులకూ తీరవాసులకూ మధ్య మారకం, ఒక్కొక్కరు రెండు మూడు భాషలు నేర్వడానికి దారితీశాయి. తీరంలోని ఆలోరీస్ అనే ఆస్ట్రోనేషియన్ భాష ఇందుకు ఎదురు వైపు సాక్ష్యం: ఫ్లోరెస్ వైపు నుంచి వచ్చిన ఈ భాష, దగ్గరి చుట్టమైన లమహోలోత్‌లో నిలిచి ఉన్న ప్రత్యయాలను చాలావరకు పోగొట్టుకున్నది. పొరుగువారు పెద్దవయసులో దానిని రెండో భాషగా నేర్చుకోవడమే ఇందుకు కారణమని పరిశోధకుల అభిప్రాయం.

అధ్యయనం, ప్రస్తుత స్థితి

అమెరికన్ మానవశాస్త్రవేత్త కోరా డుబాయ్ 1938–39లో అబుయి వారి అతిమెలాంగ్ గ్రామంలో పనిచేసి, 1944లో ఆలోర్ ప్రజలపై గ్రంథం వెలువరించింది. భాషల సమగ్ర వర్ణన మాత్రం 21వ శతాబ్దంలోనే ఊపందుకుంది: ఫ్రాంటిషెక్ క్రాతొఖ్విల్ రాసిన అబుయి వ్యాకరణం 2007లో, మరియన్ క్లామర్ రాసిన తేయివా వ్యాకరణం 2010లో వచ్చాయి. అబుయిని సుమారు 17,000 మంది, తేయివాను సుమారు 4,000 మంది మాట్లాడుతుండగా, కఫోవ వంటి భాషకు వక్తలు వెయ్యి మంది ప్రాంతంలోనే ఉన్నారు. బడి, చర్చి, ప్రభుత్వ కార్యాలయాలు ఇండోనేషియన్‌లో నడుస్తాయి. ఊళ్ల మధ్య అనుసంధాన భాష ఆలోర్ మలయ్, ఇప్పుడు ఎందరో పిల్లలు మొదట నేర్చే భాష కూడా అదే. ప్రాచీన లిఖిత ఆధారాలు లేని ఈ కుటుంబంలో, మూలభాషలో ఒక పదం ఎలా ఉండేదో తేల్చేటప్పుడు వేలమంది నోట నానే అబుయి మాటకు ఎంత విలువో, వెయ్యి మందే పలికే కఫోవ మాటకూ అంతే విలువ.